లైట్లు లేని కంప్రెసర్ కొనకండి

"అన్నా, బేస్‌కి ఏ కంప్రెసర్ కొనమంటావ్?"

ఏడాదికి పదిమందైనా నన్ను ఈ మాట అడుగుతారు, బేస్ గిటార్ సౌండులో హెచ్చుతగ్గుల్ని సర్దే పెడల్ (కాలితో నొక్కి ఆన్ చేసే చిన్న పెట్టె) గురించి. చర్చిలో వాయించే కుర్రాళ్ళు, ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరినవాళ్ళు, కాలేజీ బ్యాండ్లవాళ్ళు. వాళ్ళకి కావలసింది ఒక పేరు. పేరు చెప్తే ఆ రాత్రే ఆర్డర్ పెట్టేస్తారు. నేను మాత్రం ముందు వేరే సంగతి అడుగుతాను: "నీ బేస్ వైరు ఎక్కడికి పోతుంది?"

విజయవాడలో, గుంటూరులో దాదాపు అందరి జవాబూ ఒకటే. డి.ఐ. బాక్సులోంచి (బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) నేరుగా మిక్సర్‌లోకి. పెళ్ళి రిసెప్షన్ అయినా, దసరా స్టేజీ అయినా, డిసెంబరులో వీధికొకటి జరిగే సెమీ క్రిస్మస్ అయినా అంతే. బేస్ ఆంప్ మోసుకొచ్చేవాడు మన దగ్గర అరుదు. స్టేజీ మీద మానిటర్‌లో మన సౌండ్ మనకి కొంచెం వినబడుతుంది. జనానికి వినబడేది బయటి బాక్సుల్లోంచి. మిక్సర్ దగ్గర కూర్చున్న అన్నకి సింగర్ల మైకులు, కీబోర్డులు, ప్యాడ్లు, తబలా, డోలక్ చూసుకోవడంతోనే సరిపోతుంది. మధ్యమధ్య పెళ్ళివాళ్ళొచ్చి అనౌన్స్‌మెంటుకి మైకు అడుగుతుంటారు. బేస్ చానల్ మీద ఆయన చెయ్యి పడేది సౌండ్ చెక్‌లో ఒకసారి, అది కూడా టైముంటే. అందుకే నా సౌండు ఒక కుదురులో వెళ్ళాలంటే ఆ పని నా వైపే జరగాలి. కంప్రెసర్ మన బేసిస్టులకి సరదా వస్తువు కాదని నేను గట్టిగా చెప్పడానికి మొదటి కారణం ఇదే.

కానీ తప్పుగా పెట్టిన కంప్రెసర్ కన్నా అసలు లేకపోవడమే మేలు. ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను మొదట కొన్న పెడల్‌కి రెండే నాబులు. గిటార్ కోసం చేసినది. ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని సెట్ చేశాను. ఒక్కడినే వాయించుకుంటుంటే అద్భుతంగా ఉంది. ప్రతి స్వరం నేతి ధారలా సాగుతోంది, ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. ఆ వారమే పటమటలో ఒక రిసెప్షన్‌కి వెళ్ళాం. మా బావ చివరి వరసలో కూర్చున్నాడు. ప్రోగ్రామ్ అయ్యాక దగ్గరికొచ్చి, "నీ వేళ్ళు కదలడం కనబడుతోంది గానీ సౌండు మాత్రం పక్కింట్లో నీళ్ళ మోటారు ఆడుతున్నట్టుంది రా" అన్నాడు. ఆయనకి సంగీతం రాదు. అయినా సరిగ్గా అదే జరిగింది.

దాని కారణం అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. బేస్ స్వరంలో రెండు భాగాలుంటాయి. వేలు స్ట్రింగ్‌ని వదిలినప్పుడు వచ్చే చిన్న 'టక్' ఒకటి, దాని వెనకాల గుమ్మని సాగే మోత, అంటే గుమకం, ఇంకొకటి. స్వరం ఎక్కడ మొదలైందో చెవికి చెప్పేది ఆ టక్కే. నా పెడల్ చాలా వేగంగా పట్టుకుని ఆ టక్కుని నొక్కేసి, వెనకాల ఉన్న గుమకాన్ని పైకి లేపింది. ఇంట్లో ఒక్కడినే ఉన్నప్పుడు ఆ గుమకమే నాకు ముద్దొచ్చింది. హాల్లో అదే గుమకం ప్యాడ్ వాయించే తమ్ముడి కిక్ డ్రమ్ మోతతో కలిసిపోయి, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చి ముద్దయిపోయింది.

ఇక్కడ పెద్దలు కొందరు చెప్పే మాటకి జవాబు చెప్పాలి. "వేళ్ళు సరిగ్గా లేనివాడికే కంప్రెసర్ కావాలి." నాకు గిటార్ పట్టుకోవడం నేర్పిన మాస్టారు కూడా ఇదే అనేవారు. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగాన్ని నేను ఎప్పుడూ మర్చిపోను. ఒకే బలంతో మీటడం రాకపోతే ఏ పెడలూ కాపాడదు. కానీ మిగతా సగం దగ్గర నేను ఆయనతో ఒప్పుకోలేను.

మొదటిది, ఆ హెచ్చుతగ్గులు వేళ్ళ వల్లే రావు. వాయిద్యంలోనే ఉంటాయి. ఇ స్ట్రింగ్ లావు, జి స్ట్రింగ్ సన్నం. ఒకే బలంతో మీటినా రెండూ ఒకేలా పలకవు. బోల్టులతో మెడ బిగించిన చాలా బేసుల్లో జి స్ట్రింగ్ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) మధ్య ఎక్కడో ఒక చచ్చు స్వరం ఉంటుంది, మీటగానే ఆరిపోతుంది. ఆ ఫ్రెట్ దగ్గర కదిలే శక్తిని మెడ కర్ర మింగేస్తుంది. దానికి ఎంత సాధన చేసినా ఏం లాభం?

రెండోది చెవికి సంబంధించింది. ఇది తెలిసిన రోజు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. మన చెవికి కింది స్వరాలు తక్కువగా వినబడతాయని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు. అందులోనే ఇంకో సంగతి ఉంది. మధ్య స్వరాల ధ్వని రెట్టింపు పెద్దగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్ళు (ధ్వని బలానికి కొలత) పెరగాలి. బాగా కిందున్న బేస్ స్వరాలకైతే అందులో సగం పెరిగినా చాలు, రెట్టింపు అయినట్టే ఉంటుంది. అంటే నేను కొద్దిగా గట్టిగా మీటితే వినేవాళ్ళకి అది చాలా గట్టిగా వినబడుతుంది, కొద్దిగా మెల్లగా మీటితే స్వరమే లేనట్టుంటుంది. సింగర్ గొంతులో పట్టించుకోనంత తేడా బేస్‌లో గుంతలా తగులుతుంది.

ఇళయరాజా పాటలు స్టేజీ మీద వాయించినవాళ్ళకి నా బాధ ఇంకా బాగా తెలుసు. ఆ పాటల్లో బేస్ ఒకచోట నిలబడదు. కింది స్ట్రింగ్ మీద మొదలై, పైకెగిరి, పాటకి ఇంకో పాటలాగా తిరిగి కిందికొస్తుంది. పైకెళ్ళినప్పుడల్లా స్వరం పలచబడిపోతే ఆ లైనులో సగం జనానికి అందదు. కింది స్వరాలు మాత్రం వినబడి, అవి ఏదో అక్కడక్కడా కొట్టినట్టుంటాయి. అంత అందమైన లైను అలా పాడవుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక స్టూడియోల సంగతి. రికార్డుల్లో మనం విన్న బేస్ దాదాపు అంతా ఎక్కడో ఒకచోట కంప్రెసర్ దాటి వచ్చిందే. ఎల్‌ఏ-2ఏ అనే పాత ట్యూబ్ యంత్రం, ఇంజనీరు బిల్ పుట్నమ్ 1960లలో తెచ్చిన 1176 అనే కంప్రెసర్ ఇప్పటికీ బేస్ మీద వాడుతూనే ఉన్నారు. ఆ రికార్డుల్లో వాయించినవాళ్ళకి వేళ్ళు లేకనా?

సరే, అది చేసే పనేమిటి? రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా తిరిగేవాళ్ళం కాబట్టి నేను కుర్రాళ్ళకి దానితోనే చెప్తాను. బ్యారేజీ దగ్గర నీళ్ళు 12 అడుగుల మట్టంలో నిలబెడతారు. ఎగువ నుంచి వరద వచ్చి మట్టం దాటబోతే గేట్లెత్తి మిగులు నీళ్ళు కిందికి వదులుతారు. మొత్తం 70 గేట్లు. ఆ 12 అడుగుల గీతే త్రెషోల్డ్. ఎన్ని గేట్లు ఎత్తారన్నది రేషియో. వరద తగిలాక గేట్లు లేవడానికి పట్టే సమయం అటాక్, వరద తగ్గాక వాటిని దించడానికి పట్టే సమయం రిలీజ్. గీతకి కిందున్న నీళ్ళ జోలికి ఎవరూ పోరు. అలాగే మెల్లగా మీటిన స్వరాన్ని కంప్రెసర్ ముట్టుకోదు. ఒక్క మేకప్ గెయిన్ దగ్గరే ఈ పోలిక ఆగిపోతుంది. పైనున్నవి తగ్గించాక మొత్తం సౌండుని మళ్ళీ పైకి లేపేది అది. కృష్ణమ్మ దగ్గర దానికి సాటి ఏదీ లేదు.

లెక్కలో చెప్పాలంటే, రేషియో 4:1 ఉంటే గీత దాటి 8 డెసిబెళ్ళు పైకొచ్చిన స్వరం 2 డెసిబెళ్ళే పైకొస్తుంది. మిగతా 6 తగ్గిపోతాయి. బేస్‌కి మామూలుగా 3:1 నుంచి 4:1 చాలు. గట్టి స్వరాల మీద 3 నుంచి 5 డెసిబెళ్ళు తగ్గితే నా చెవికి తృప్తి. పది దాటితే స్వరంలో ప్రాణం పోతుంది.

అటాక్, రిలీజ్ దగ్గరే బేస్‌కి, గిటార్‌కి దారులు వేరవుతాయి. బేస్ ఇ స్ట్రింగ్ ఖాళీగా మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. అంటే ఒక్క ఊపుకి 24 మిల్లీసెకన్లు. అయిదు స్ట్రింగుల బేస్‌లో కింది బి అయితే 32 మిల్లీసెకన్లు. కంప్రెసర్ అంతకంటే వేగంగా పట్టి వదులుతుంటే అది స్వరం బలాన్ని సరిచేయడం మానేసి ఒక్కో ఊపుని పట్టుకుని వంచడం మొదలుపెడుతుంది. కింది స్వరాల్లో గరగర వస్తుంది. చాలామంది దాన్ని వైరు తప్పో పికప్ తప్పో అనుకుని రిపేరుకి తిరుగుతారు. గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరమే సెకనుకి 82 ఊపులు కాబట్టి వాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువ. అందుకే గిటార్ కోసం చేసిన వేగం బేస్‌కి కుదరకపోవచ్చు.

నేను అటాక్ 30 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, వేలి టక్కు పూర్తిగా వినబడేదాకా నెమ్మది చేస్తూ వెళ్తాను. రిలీజ్ పాటని బట్టి. నిమిషానికి 120 బీట్ల పాటలో ఒక బీటు అర సెకను, అందులో సగం 250 మిల్లీసెకన్లు. ఆ స్వరాల మధ్య కంప్రెసర్ వదిలేసి ఊపిరి పీల్చుకోవాలంటే రిలీజ్ 150, 200 దగ్గర ఉండాలి. పెడల్స్ మీద ఈ అంకెలు చాలావరకు రాసి ఉండవు. నాబు ఎటు తిప్పితే నెమ్మదో కూడా కంపెనీకొక తీరు. మరి తెలుసుకునేదెలా?

లైట్లతో. నా వాదన అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. కంప్రెసర్ ఎంత తగ్గిస్తోందో చూపించే వరస లైట్లు, అంటే గెయిన్ రిడక్షన్ మీటర్, ఉన్న పెడలే కొనండి. మిగతా పెడల్స్‌కి ఈ షరతు అక్కర్లేదు. డిస్టార్షన్ వేస్తే చెవికి తెలుస్తుంది, కోరస్ వేస్తే తెలుస్తుంది. కంప్రెసర్ మాత్రం సరిగ్గా పనిచేస్తున్నప్పుడు వినబడదు. వినబడిందంటే ఎక్కువైందని అర్థం. చెవికి అందనిదాన్ని కంటితో చూసుకోవాలి. స్ట్రింగ్ గట్టిగా మీటినప్పుడు రెండు మూడు లైట్లు వెలగాలి, తర్వాతి స్వరం వచ్చేలోపు ఆరిపోవాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే రిలీజ్ నెమ్మదిగా ఉంది, లేదా గీత మరీ కిందుంది. అసలు వెలగకపోతే పెడల్ ఊరికే కరెంటు తింటోంది. ఒకే లైటు రంగు మార్చి చూపించే పెడల్స్ కూడా ఉన్నాయి. లేనిదానికంటే నయం, కానీ వరస లైట్ల హాయి వేరు.

షాపులో ఇంకో మోసం జరుగుతుంది, అది మన చెవే చేస్తుంది. పెడల్ నొక్కగానే "అబ్బ, ఎంత బాగుంది" అనిపిస్తుంది. చాలాసార్లు అక్కడ జరిగింది లెవెల్ పెరగడమే. పెద్దగా వినబడింది ఏదైనా చెవికి మెరుగ్గానే అనిపిస్తుంది. నొక్కినప్పుడూ, ఆపినప్పుడూ సౌండు ఒకే స్థాయిలో ఉండేలా అవుట్‌పుట్ సరిచేసుకుని, అప్పుడు తేడా వినండి. ఈ పని చెయ్యకుండా ఏ పెడల్ గురించీ అభిప్రాయం చెప్పకూడదని నా పట్టుదల.

పేర్లు చెప్పమంటే కొన్ని చెప్తాను. ఎంఎక్స్ఆర్ ఎం87లో ఇన్‌పుట్, అవుట్‌పుట్, అటాక్, రిలీజ్, రేషియో అన్నీ విడివిడిగా ఉన్నాయి, లైట్ల వరసా ఉంది. నేర్చుకోవడానికి అంత తేటగా ఉండే పెడల్ తక్కువ. బాస్ కంపెనీ బీసీ-1ఎక్స్ సౌండుని కింది, పై భాగాలుగా విడదీసి వేటికవే అదుపు చేస్తుంది. కింది ఇ స్ట్రింగ్ గట్టిగా పడినా పైనున్న టక్కు అణగదు. దానికీ లైట్లున్నాయి. అటాక్ నాబు మాత్రం లేదు, అది లోపలే చూసుకుంటుంది. ఎంప్రెస్ కంప్రెసర్‌లో మీటరుతో పాటు మిక్స్ నాబు ఉంటుంది, దాంతో నొక్కని అసలు సౌండుని కొంత కలుపుకోవచ్చు. కంప్రెస్ చేసింది అడుగున నిండుగా ఉంటుంది, అసలుది పైన తేటగా ఉంటుంది. నాకైతే మీటరు తర్వాత మిక్స్ నాబే ముఖ్యం. అంత డబ్బు పెట్టలేనివాళ్ళు చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే మల్టీ ఎఫెక్ట్స్ బాక్సులో ఉన్న కంప్రెసర్ వాడుకోవచ్చు, సిగ్గుపడే పనేం లేదు. కాకపోతే అందులో ముందుగా పెట్టి ఉంచిన సెట్టింగులు బాగా బిగించి ఉంటాయి. వాటిని సగానికి సగం వదులు చేసుకోవాలి.

ట్యూనర్ తర్వాత, మిగతా పెడల్స్‌కి ముందు పెట్టుకుంటే చాలామందికి సరిపోతుంది. ఆటో వా ('వా' అని పలికించే పెడల్) లాంటివి ఉంటే వాటి తర్వాత పెట్టండి. అవి మీటిన బలాన్ని బట్టే తెరుచుకుంటాయి కదా.

ఈమధ్య ఒక కొత్త ఇబ్బంది వచ్చింది. మన ఊళ్ళలో సౌండ్ వాళ్ళ దగ్గర కూడా డిజిటల్ మిక్సర్లు వచ్చేశాయి. వాటిలో ప్రతి చానల్‌కీ ఒక కంప్రెసర్ ఉంటుంది. కిందటి ప్రోగ్రామ్‌లో ఎవరికో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉండిపోయి, మన పెడల్ నొక్కినదాన్ని అది మళ్ళీ నొక్కుతుంది. గుంటూరులో ఒక రాత్రి ఇలా జరిగి, రెండు పాటలయ్యేదాకా నా బేస్ ఎక్కడుందో నాకే తెలియలేదు. అప్పట్నుంచి సౌండ్ చెక్‌లో నేను అడిగే మొదటి మాట ఇదే: "అన్నా, బేస్ చానల్‌లో కంప్రెసర్ ఆన్‌లో ఉందా? ఉంటే ఆపెయ్యవా, నా దగ్గర ఉంది." మర్యాదగా అడిగితే ఎవరూ కాదనరు. వాళ్ళకి కూడా ఒక పని తగ్గుతుంది.

కరెంటు గురించి రెండు మాటలు. కంప్రెసర్ మెల్లని సౌండుని పైకి లేపుతుంది కాబట్టి చిన్న హమ్ కూడా పైకొస్తుంది. కల్యాణ మండపాల్లో సీరియల్ లైట్లు, జనరేటరు, అన్నీ ఒకే లైను మీద. ఒక్క అడాప్టర్‌తో అయిదారు పెడల్స్ గొలుసుగా కలిపితే ఆ సమయంలో గుయ్యిమంటుంది. ఒక్కో పెడల్‌కి విడిగా కరెంటు ఇచ్చే పవర్ సప్లై కొనుక్కోండి. చాలా పెడల్స్‌కి 9 వోల్టులు, పిన్ను మధ్యలో నెగెటివ్. కొన్నిటికి తేడా ఉంటుంది కాబట్టి గుచ్చేముందు పెడల్ మీద గుర్తు చూడండి.

నేను కంప్రెసర్ ఆపేసే చోట్లూ ఉన్నాయి. తబలా, ఫ్లూటు, ఒక్క సింగర్‌తో చిన్న హాల్లో పాత మెలొడీలు వాయిస్తే పెడల్ ముట్టుకోను. అక్కడ స్వరం పుట్టి మెల్లగా ఆరిపోవడమే అందం. చర్చిలో ప్రార్థన వెనకాల మెత్తగా వాయించేటప్పుడూ అంతే. గీతకి కిందే ఉండే స్వరాలకి గేట్లతో పని లేదు.

పోయిన నెల మంగళగిరి నుంచి ఒక కుర్రాడొచ్చాడు, చర్చిలో వాయిస్తాడు. పెడల్ కొనేముందు చూస్తానన్నాడు. నా దానికి తగిలించి, నాబులు తర్వాత చూద్దాం, ముందు సరిగమలు వాయించమన్నాను. కింది స్ట్రింగ్ మీద నాలుగు లైట్లు వెలిగాయి, పైకొచ్చేసరికి ఒక్కటీ లేదు. వాడు లైట్ల వైపే చూస్తూ మళ్ళీ వాయించాడు. చూపుడు వేలు పడ్డప్పుడల్లా మూడు, మధ్య వేలు పడ్డప్పుడు ఒకటి. "ఇన్నాళ్ళూ ఈ వేలు సగమే పనిచేస్తోందా అన్నా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. అలా గంటన్నర కూర్చున్నాడు. అమ్మ పెట్టిన కాఫీ చల్లారిపోయింది. చివరికి రెండు వేళ్ళకీ రెండేసి లైట్లు వెలగడం మొదలైంది, పై స్ట్రింగ్ మీద కూడా. అప్పుడు తలెత్తి, "పెడల్ ఆపేసి ఒకసారి వాయించనా?" అని అడిగాడు.

వాయించాడు. ఎక్కడా గుంత తగల్లేదు.